నేల దగ్గరి గాలి: చిన్న విమానం దిగడం నేర్చుకున్న కథ

ఈ ఎపిసోడ్‌లో విమానాల గురించి మాట్లాడుకుందాం. అయితే మూడు వందల మంది ఎక్కే పెద్ద విమానాల గురించి కాదు. ఇద్దరో నలుగురో పట్టే చిన్న విమానాల గురించి. పైలట్ కావాలనుకునే ప్రతి కుర్రాడూ, ప్రతి అమ్మాయీ మొదట ఎక్కేది అలాంటిదే. ఒక ఇంజను, ఒక ప్రొపెల్లరు, మొత్తం బరువు ఒక మామూలు కారు కంటే తక్కువ. అది ఎగరడం అంత కష్టం కాదు. దిగడమే కష్టం. ఆ దిగడంలో కూడా ఇంజను కంటే, రెక్క కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కంటికి కనబడని గాలి.

ఈ కథని చరిత్రగా ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ శిక్షణలో పైలట్‌కి నేర్పే ప్రతి చిన్న నియమం వెనకా ఎవరో ఒకరు పడిపోయిన సంఘటన ఉంది. ఇంకో కారణం కూడా ఉంది. చిన్న విమానం దిగుతూ దెబ్బతింటే అందరూ అనే మొదటి మాట "పైలట్ తప్పు". అది నిజమేనా, ఎంతవరకు నిజం? ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

1896 నుంచి మొదలుపెడదాం. అప్పటికి ఇంజనున్న విమానం ఇంకా పుట్టలేదు. జర్మనీలో ఒట్టో లిలియంతాల్ అనే ఇంజనీరు తనే కట్టుకున్న గ్లైడర్లతో కొండ మీంచి గాల్లోకి జారేవాడు. అలా 2,000 సార్లకు పైగా ఎగిరాడు. ఆయన గ్లైడర్‌లో చుక్కాని తిప్పే ఏర్పాటు అంటూ పెద్దగా ఉండేది కాదు. వేలాడుతూ ఒంటిని ఇటూ అటూ జరిపి అదుపు చేసుకోవడమే. ఆ ఏడాది ఆగస్టు 9న, బెర్లిన్‌కి వాయవ్యంగా ఉన్న రినో కొండల దగ్గర ఎగురుతుండగా ఒక గాలి విసురు వచ్చింది. గ్లైడర్ ముక్కు పైకి లేచింది, వేగం చచ్చిపోయింది. సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి నేలకి కొట్టుకుంది. వెన్నెముక విరిగి మర్నాడు ఆయన చనిపోయాడు. 2,000 సార్లు ఎగిరిన అనుభవం ఒక్క గాలి విసురు ముందు సరిపోలేదు.

ఆ వార్త అమెరికాలో సైకిళ్ళు అమ్ముకునే ఇద్దరు అన్నదమ్ములు చదివారు. వాళ్ళే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. లిలియంతాల్ మరణం తర్వాతే మాకు ఈ విషయం మీద మళ్ళీ ఆసక్తి కలిగిందని వాళ్ళే చెప్పుకున్నారు. వాళ్ళు చేసిన తెలివైన పనుల్లో ఒకటి, గాలిని వెతుక్కుంటూ వెళ్ళడం. అమెరికా వాతావరణ శాఖకి ఉత్తరం రాసి, గాలి నిలకడగా ఎక్కడ వీస్తుందో వివరాలు తెప్పించుకున్నారు. అలా ఎంచుకున్నదే కిట్టీ హాక్ ఇసుక తీరం. గాలి నిలకడగా ఉంటుంది, పడితే కింద ఇసుక ఉంటుంది.

1903 డిసెంబర్ 17. ఆ రోజు ఎదురుగాలి గంటకు 20 మైళ్ళ పైమాటే. మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. ఇదంతా మనకి తెలిసిందే. తర్వాత జరిగింది మాత్రం చాలామందికి తెలీదు. నాలుగోసారి దిగాక విమానాన్ని నేల మీద నిలబెట్టి మాట్లాడుకుంటున్నారు. ఒక్కసారిగా గాలి విసిరి కొట్టింది. విమానం లేచి దొర్లుకుంటూ పోయింది. ఒడ్డున ఉండే ప్రాణరక్షక దళం మనిషి జాన్ డేనియల్స్ దాన్ని ఆపబోయి, కర్రల మధ్య ఇరుక్కుని దాంతోపాటే దొర్లాడు. దెబ్బలతో బయటపడ్డాడు. ఆ విమానం మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఎగరలేదు. అంటే మానవజాతి మొట్టమొదటి విమానాన్ని పాడుచేసింది ఇంజను కాదు, పైలట్ కాదు. నేల మీది గాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను. ఇది అర్థమైతే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది. విమానం రెక్కకి నేల ఉందన్న సంగతే తెలీదు. దానికి తెలిసింది తన మీంచి ఎంత వేగంగా గాలి పోతోందన్నది ఒక్కటే. ఒక చిన్న విమానం గాల్లో 60 నాట్ల వేగంతో దిగుతోందనుకోండి. అంటే గంటకు సుమారు 111 కిలోమీటర్లు. ఎదురుగాలి 10 నాట్లు ఉంటే నేల మీద దాని వేగం 50 నాట్లే. అదే గాలి వెనక నుంచి వస్తే 70 నాట్లు. తేడా 20 నాట్లే కదా అనిపిస్తుంది. కానీ బ్రేకులు ఆపాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 50ని 50తో గుణిస్తే 2,500. 70ని 70తో గుణిస్తే 4,900. దాదాపు రెట్టింపు! అందుకే సెస్నా 172 పైలట్ల పుస్తకంలో ఇలా ఉంటుంది: ఎదురుగాలి ప్రతి 9 నాట్లకీ దిగే దూరం 10 శాతం తగ్గించుకో, వెనకగాలి ప్రతి 2 నాట్లకీ 10 శాతం పెంచుకో. గాలి చేసే సాయం 9కి 10, చేసే చెడు 2కే 10. ఈ బేరం ఎప్పుడూ మనకి నష్టమే.

తొలినాళ్ళ పైలట్లకి ఈ లెక్క పుస్తకాల్లో లేకపోయినా ఒంటికి తెలుసు. మన పల్లెల్లో ధాన్యం తూర్పారబట్టే మనిషిని గుర్తు తెచ్చుకోండి. చేట ఎత్తే ముందు గాలివాటం ఎటుందో చూసుకుని నిలబడేవాడు. సరిగ్గా అలాగే అప్పటి పైలట్ కూడా. ఆ రోజుల్లో విమానాశ్రయం అంటే పొడవాటి తారురోడ్డు కాదు. గుండ్రంగానో చదరంగానో ఉండే ఒక పెద్ద గడ్డిమైదానం. మధ్యలోనో అంచునో గాలితో ఊగే ఒక గుడ్డసంచి. ఆ సంచి ఎటు తిరిగితే దాన్ని బట్టి ఎదురుగాలికి ముఖం పెట్టి దిగడమే. తూర్పైతే తూర్పు, నైరుతైతే నైరుతి. అడ్డగాలి అన్న సమస్యే చాలావరకు లేదు.

మన దేశంలో విమానయానం అలాగే మొదలైంది. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి టపా సంచులతో పుస్ మాత్ అనే చిన్న విమానంలో బయల్దేరి బొంబాయి జుహూలో దిగారు. అక్కణ్ణుంచి నెవిల్ విన్సెంట్ ఆ టపాని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. జుహూ అప్పట్లో సముద్రం పక్కనున్న మట్టినేల. వానాకాలంలో నీళ్ళు నిలిచిపోతే అక్కడ దిగే వీల్లేక పూనా నుంచి నడిపేవారు. మన హైదరాబాద్‌లో బేగంపేట కూడా 1930ల్లో ఇలాంటి చిన్న విమానాలతోనే మొదలైంది. ఆ తరం పైలట్లకి చదువు చెప్పిన టైగర్ మాత్ విమానానికి మామూలుగా బ్రేకులే ఉండేవి కావు. తోక కింద చక్రం బదులు నేలకి గీసుకునే ఒక చెప్పు లాంటి ముక్క ఉండేది. అలాంటి విమానాన్ని అడ్డగాలిలో దింపడం అంటే కొరివితో తల గోక్కోవడమే. గడ్డిమైదానం, ఎదురుగాలి, టైగర్ మాత్ – ఈ మూడూ ఒకదానికొకటి సరిపోయాయి.

మరి ఈ ఏర్పాటు ఎందుకు చెడింది? విమానాలు బరువెక్కాయి కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగు ఇంజన్ల బాంబర్లు వచ్చేసరికి గడ్డినేల వాటి కింద కుంగిపోయింది. కాంక్రీటు కావాల్సి వచ్చింది. కాంక్రీటు పోస్తే దిక్కు స్థిరపడిపోతుంది. గాలి మారినా రన్‌వే మారదు. బ్రిటన్ వాళ్ళు దీనికి ఒక ఉపాయం చేశారు. బాంబర్ స్థావరాల్లో మూడేసి రన్‌వేలు, ఒకదానికొకటి సుమారు 60 డిగ్రీల కోణంలో, త్రిభుజంలా కట్టారు. పెద్దది 2,000 గజాలు, మిగతా రెండూ 1,400 గజాలు. గాలి ఎటు తిరిగినా ఏదో ఒకటి దానికి దగ్గరగా ఉంటుందన్నమాట.

యుద్ధం అయ్యాక అంత నేల, అంత ఖర్చు ఎవరు పెడతారు? చాలా ఊళ్ళలో ఒకే దిక్కున్న రన్‌వే మిగిలింది. బేగంపేటనే చూడండి. దాని రన్‌వే 09, 27. అంటే 90 డిగ్రీలు, 270 డిగ్రీలు. శుద్ధ తూర్పు, పడమర. 2008లో తెరిచిన శంషాబాద్‌దీ అదే దిక్కు. నైరుతి రుతుపవనాల రోజుల్లో మన దగ్గర గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆ ఎంపిక సబబే. కానీ గాలికి కేలండరు తెలీదు. అది దక్షిణం నుంచి వచ్చిన రోజున చిన్న విమానం దాన్ని పక్క నుంచి భరించాల్సిందే. అడ్డగాలి అనే సమస్య అలా కాంక్రీటుతో పాటు మనకి వచ్చింది.

అడ్డగాలిలో దిగడం ఎలా? గోదావరి మీద పడవ దాటించే మనిషిని చూసినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. ఎదుటి రేవుకి వెళ్ళాలంటే ఆయన పడవ ముక్కు సూటిగా రేవు మీద పెట్టడు. కాస్త ఎగువకి పెడతాడు. ప్రవాహం తోస్తుంది, పడవ ఏటవాలుగా సాగి సరిగ్గా రేవుకి చేరుతుంది. పైలట్ కూడా ముక్కుని గాలి వచ్చే వైపు కొంచెం తిప్పి, పీతలా పక్కవాటంగా వస్తాడు. చిక్కెక్కడంటే, పడవ రేవుకి ఎలా తగిలినా ఫరవాలేదు. విమానం చక్రాలు మాత్రం రన్‌వే దిక్కులోనే తగలాలి. పక్కవాటంగా తగిలితే చక్రాల మీద, వాటి కాళ్ళ మీద పక్క నుంచి బలం పడుతుంది. అందుకని నేల తాకే ముందు ముక్కుని రన్‌వేకి తిన్నగా తిప్పి, గాలి వచ్చే వైపు రెక్కని కొంచెం కిందికి వంచి, ఆ వైపు చక్రం మీద ముందు దిగాలి. ఒక చేత్తో ఒక పని, కాళ్ళతో దానికి విరుద్ధమైన పని. శిక్షణలో అన్నిటికంటే ఎక్కువ చెమట పట్టించే పాఠం ఇదే.

దీనికి తోడు పాత విమానాల కట్టుబడే ఒక ప్రమాదం. వాటికి ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం. బరువు కేంద్రం పెద్ద చక్రాలకి వెనకాల ఉండేది. తోపుడు బండిని వెనక్కి నెడితే ఏమవుతుందో చూశారుగా, కాస్త పక్కకి తిరిగితే ఇంకా తిరిగిపోతుంది. అలాగే గాలి తోకని కొంచెం నెట్టిందా, వెనకున్న బరువు దాన్ని ఇంకా తిప్పేస్తుంది. విమానం నేల మీదే గిర్రున తిరిగి రెక్క నేలకి రాసుకుంటుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. జర్మనీ వాళ్ళ పేరుమోసిన యుద్ధవిమానం మెసర్‌ష్మిట్ 109కి కూడా ఈ చెడ్డపేరు ఉంది.

దీనికి జవాబు వెతికిన వాళ్ళలో అమెరికా ఇంజనీరు ఫ్రెడ్ వైక్ ముఖ్యుడు. సామాన్యుడు నడపగలిగే విమానం చెయ్యాలన్నది ఆయన పట్టుదల. ఆయన రూపొందించిన ఎర్కూప్ 1937లో ఎగిరింది. చిన్న చక్రాన్ని తోక నుంచి తీసి ముక్కు కిందికి తెచ్చాడు. బరువు కేంద్రం ఇప్పుడు పెద్ద చక్రాలకి ముందుకి వచ్చింది. పక్కవాటంగా దిగినా విమానం తనంతట తానే తిన్నబడుతుంది. ఆయన ఇంకో అడుగు వేసి, కాళ్ళతో తొక్కే చుక్కాని పెడళ్ళే తీసేశాడు. అడ్డగాలిలో ఎర్కూప్ పీతలాగే వచ్చి, పీతలాగే నేల తాకి, సర్దుకుని పోయేది. కొందరు ఇంకోలా ఆలోచించి చక్రాలనే గాలిని బట్టి పక్కకి తిరిగేలా చేశారు. చిన్న సెస్నాల నుంచి బి-52 బాంబర్ దాకా ఆ ఏర్పాటు పెట్టారు. బి-52 ముక్కు 20 డిగ్రీలు పక్కకి ఉండగానే చక్రాలు మాత్రం రన్‌వే మీద తిన్నగా పరుగెత్తేవి. చివరికి నిలిచింది మాత్రం ముక్కు చక్రమే. 1956లో మార్కెట్లోకి వచ్చిన సెస్నా 172 దాంతోనే వచ్చింది. ఇప్పటికి 44,000కు పైగా తయారై, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానంగా పేరు తెచ్చుకుంది.

ఆ సెస్నా పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. అడ్డగాలి 15 నాట్లు. గంటకు సుమారు 28 కిలోమీటర్లు. చాలామంది దీన్ని విమానం తట్టుకునే హద్దు అనుకుంటారు. నిజానికి దాని అర్థం, పరీక్షల్లో ఇంత గాలిలో దింపి చూపించాం అని. దింపింది అనుభవజ్ఞుడైన పరీక్ష పైలట్. అది విమానం అర్హత పత్రం, నడిపేవాడి అర్హత పత్రం కాదు. 30 గంటల అనుభవం ఉన్న విద్యార్థికి ఆ అంకె సగమైనా ఎక్కువే కావచ్చు. గాలి 20 నాట్లుండి, రన్‌వేకి 30 డిగ్రీల కోణంలో వస్తే అడ్డంగా పడేది 10 నాట్లు. 60 డిగ్రీల్లో వస్తే 17. ఈ లెక్క వేసుకుని, నా హద్దు ఇది అని నేల మీదున్నప్పుడే నిర్ణయించుకోవాలి. గాల్లో ఉండగా నిర్ణయించుకుందామంటే అహం అడ్డొస్తుంది.

ఇంతవరకు చెప్పింది నిలకడగా వీచే గాలి. విసురు గాలి ఇంకో రకం. సంక్రాంతికి మేడ మీద గాలిపటం ఎగరేసినవాళ్ళకి తెలుసు. పైన పటం హాయిగా నిలబడి ఉంటుంది. దించుతుంటే పిట్టగోడ దగ్గరికొచ్చేసరికి పిచ్చెక్కినట్టు గింగిరాలు తిరుగుతుంది. గాలి ఇళ్ళకి, చెట్లకి తగిలి వెనకాల సుళ్ళు పడుతుంది కాబట్టి. రన్‌వే పక్కన హ్యాంగర్లు, చెట్ల వరస ఉన్నప్పుడు చిన్న విమానానికి జరిగేదీ అదే. పైగా నేలకి దగ్గరయ్యే కొద్దీ రాపిడి వల్ల గాలి మందగిస్తుంది. 20 నాట్ల ఎదురుగాలి కొద్ది అడుగుల్లో 8 నాట్లకి పడిపోయిందనుకోండి, రెక్క మీంచి పోయే గాలి ఒక్కసారి 12 నాట్లు తగ్గిపోతుంది. చిన్న విమానానికి ఉన్న మిగులు వేగమే 15, 20 నాట్లు. అందుకే విసురు ఎంత ఎక్కువుంటే అందులో సగం వేగం అదనంగా పట్టుకుని దిగమని నేర్పుతారు.

నిజంగా ప్రాణాలు తీసేది మాత్రం తరచూ రన్‌వే మీద కాదు, దానికి కాస్త ముందు. రన్‌వే వైపు తిరిగే చివరి మలుపులో. ఆ మలుపు ముందు వెనకగాలి తోస్తుంటే విమానం అనుకున్నదానికంటే త్వరగా రన్‌వే వరస దాటిపోతుంది. పైలట్ కంగారుపడి ఇంకా గట్టిగా వంచి తిప్పబోతాడు. 60 డిగ్రీలు వంచితే, ఎత్తు పోకుండా తిరగాలంటే రెక్క నిలవడానికి కావలసిన కనీస వేగం 41 శాతం పెరుగుతుంది. నేల చూస్తే కొన్ని వందల అడుగుల దూరం. అక్కడ రెక్క పట్టు తప్పితే సరిదిద్దుకోవడానికి చోటుండదు. రన్‌వే మీద గ్రౌండ్ లూప్ అయితే రెక్క పోతుంది, మనిషి దిగి నడిచి వస్తాడు. ఇక్కడ అలా కాదు.

ఇప్పుడు ఈ కథలో అసలు మలుపు. టెట్సుయా ఫుజితా అనే జపాన్ శాస్త్రవేత్త. 1945లో ఆయన కొకురా పక్క ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెప్తున్నాడు. ఆగస్టు 9న రెండో అణుబాంబు పడాల్సింది కొకురా మీదే. పైనుంచి ఊరు సరిగా కనబడక విమానం నాగసాకి వెళ్ళిపోయింది. తర్వాత ఆయన ఆ నాశనాన్ని పరిశీలించడానికి వెళ్ళినప్పుడు, చెట్లు ఒక బిందువు నుంచి చుట్టూ బయటికి నక్షత్రంలా పడి ఉండటం చూశాడు. 1974లో అమెరికాలో పెద్ద టోర్నడోల విధ్వంసం జరిగింది. అప్పటికి షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్న ఫుజితా చిన్న విమానంలోంచి కింద అడవిని చూస్తూ వెళ్ళాడు. టోర్నడో అయితే చెట్లు సుడిలా పడాలి. కొన్నిచోట్ల మాత్రం మళ్ళీ అదే నక్షత్రం. పైనుంచి గాలి కిందికి పడి, నేలకి కొట్టుకుని నలుదిక్కులా చిమ్మినట్టు.

మరుసటి ఏడాది, 1975 జూన్ 24న న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో ఈస్టర్న్ 66 అనే బోయింగ్ 727 ఉరుముల వానలో దిగుతూ రన్‌వే ముందున్న దీపాల స్తంభాలకి తగిలి కూలింది. 124 మందిలో 113 మంది చనిపోయారు. దానికి కొద్ది నిమిషాల ముందే ఇంకో విమానం దిగడం విరమించుకుని నెవార్క్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు విమానాలు దిగాయి కూడా. అంటే ఒకే రన్‌వే, ఒకే పది నిమిషాలు, ఒక్కొక్కరికి ఒక్కో గాలి. ఇదెలా? ఆ సంస్థ ఫుజితాని సంప్రదించింది. ఆయన ఆ రికార్డులన్నీ చూసి, ఇది చిన్న పరిధిలో, కొద్ది నిమిషాలే ఉండే కిందికి విరుచుకుపడే గాలి అన్నాడు. దానికి డౌన్‌బరస్ట్ అనీ, 4 కిలోమీటర్ల లోపు వాటికి మైక్రోబరస్ట్ అనీ పేరు పెట్టాడు.

తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. ఉరుముల మేఘం నుంచి చల్లగాలి దిగుతుందని మాకెప్పుడో తెలుసు, నువ్వు కొత్త పేరు పెట్టావంతే అన్నారు. ఫుజితా వాదించుకుంటూ కూర్చోలేదు. 1978లో షికాగో దగ్గర డాప్లర్ రాడార్లు పెట్టి సుమారు 50 మైక్రోబరస్టులు పట్టుకున్నాడు. 1982లో డెన్వర్ దగ్గర ఆయనా, సహచరులూ కలిసి వేసవిలో 186 లెక్కపెట్టారు. ఆ 1982 జూలైలోనే న్యూ ఆర్లియన్స్ దగ్గర పాన్ ఆమ్ 759 పైకి లేస్తూ ఇదే గాలిలో కూలి 153 మంది పోయారు. 1985 ఆగస్టు 2న డాలస్‌లో డెల్టా 191. 137 మంది. ఆ తర్వాత ఇంకెవరూ వాదించలేదు.

మైక్రోబరస్ట్ ఎందుకంత మోసం చేస్తుందో వినండి. మే నెలలో హైదరాబాద్‌లో సాయంత్రం మబ్బు పట్టినప్పుడు, వాన ఇంకా రాకముందే ఒక చల్లటి గాలి దుమ్ము లేపుకుంటూ ఒక్కసారిగా వస్తుంది కదా. మేఘం కింద పడుతున్న వాన ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి పడి, నేల తగిలి పక్కలకి పరుచుకుంటుంది. మన ముఖానికి తగిలేది ఆ పరుచుకున్న గాలే. ఇప్పుడు అందులోకి విమానం ప్రవేశించిందనుకోండి. మొదట ఎదురుగాలి. విమానం తేలికై పైకి లేస్తుంది, వేగం పెరిగినట్టు కనబడుతుంది. పైలట్ సహజంగానే ఇంజను తగ్గిస్తాడు. మరుక్షణం పైనుంచి గాలి నొక్కుతుంది. ఆ పైన వెనకగాలి. ఇంజను తగ్గించి ఉన్న సమయంలో ఉన్న వేగం కూడా పోతుంది. ముందు మేలు చేసినట్టు కనబడి ఆ తర్వాత ముంచేస్తుందన్నమాట. కిందికి పడే గాలి వేగం నిమిషానికి 6,000 అడుగుల దాకా ఉండొచ్చు. సెస్నా 172 సముద్రమట్టంలో పూర్తి శక్తితో పైకెక్కగలిగేది నిమిషానికి 730 అడుగులు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాక పైలట్ నైపుణ్యం గురించి మాట్లాడటానికి ఏమీ మిగలదు.

మనం మొదట్లో వేసుకున్న ప్రశ్నకి ఇక్కడ సగం జవాబు దొరికింది. అంతకుముందు అర్థంకాని కొన్ని ప్రమాదాల్లో, పైలట్ ఎందుకు వేగం పోగొట్టుకున్నాడో, ఎందుకు త్వరగా కిందికి వచ్చాడో అని మనిషినే అడిగేవారు. ఫుజితా వచ్చాక గాలిని కూడా అడగడం మొదలైంది. రన్‌వేల చుట్టూ గాలి కొలిచే పరికరాల వలయాలు, ప్రత్యేక డాప్లర్ రాడార్లు, పెద్ద విమానాల్లో హెచ్చరించే యంత్రాలు తప్పనిసరి కావడం, ఇవన్నీ దాని ఫలితాలే. అమెరికాలో ప్రయాణికుల పెద్ద విమానాలకి ఈ రకం ప్రమాదాలు దాదాపు ఆగిపోయాయి.

మరి చిన్న విమానం? ఆ తప్పనిసరి దానికి వర్తించలేదు. అంత బరువు, అంత ఖరీదు అది మొయ్యలేదు. 2 సీట్ల విమానంలో ఉన్న విద్యార్థికి ఇవాళ్టికీ ప్రధానమైన సాధనాలు రెండే. రన్‌వే పక్కన ఊగే ఆ గుడ్డసంచి, ఇంకా తన బుర్ర.

పైగా పెద్ద విమానాలు పెరిగాక చిన్నవాటికి ఇంకో గాలి పుట్టుకొచ్చింది. మనుషులు చేసిన గాలి. హైవే మీద మోటార్‌సైకిల్ మీద పోతుంటే పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడు బండి ఊగుతుంది కదా. పెద్ద విమానం రెక్కల కొసల నుంచి రెండు సుళ్ళు పుట్టి వెనకాల కిందికి దిగుతూ ఉంటాయి. 1972 మే 30న టెక్సాస్‌లో శిక్షణలో ఉన్న ఒక డీసీ-9, తనకంటే పెద్దదైన డీసీ-10 వెనకాలే దిగబోయి ఆ సుడిలో పక్కకి తిరగబడింది. నలుగురు పోయారు. విమానానికీ విమానానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో నియమాలు మార్చింది ఆ తర్వాతే. ఇందులో ఒక విచిత్రం ఉంది. గట్టి గాలి ఉంటే ఆ సుళ్ళు త్వరగా చెదిరిపోతాయి. 3, 4 నాట్ల మెల్లని అడ్డగాలి ఉన్నప్పుడు మాత్రం ఒక సుడి సరిగ్గా రన్‌వే మీదే ఆగిపోతుంది. ఆకు కదలని ప్రశాంతమైన సాయంత్రం చిన్న విమానానికి మంచిదని ధీమాగా ఉండటానికి లేదు.

ఇంకో చోటు చెప్పి ముగిస్తాను. నేపాల్‌లో ఎవరెస్టు దారిలో లుక్లా. 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనికతో కట్టింది. సముద్రమట్టానికి 2,845 మీటర్ల ఎత్తు. రన్‌వే 527 మీటర్లే, అదీ సుమారు 12 శాతం వాలు. ఒక చివర లోయ, ఇంకో చివర కొండ. గాలి ఎటున్నా దిగేది కొండ వైపుకే, లేచేది లోయ వైపుకే. ఎదురుగాలిని ఎంచుకునే హక్కు అక్కడ పైలట్‌కి లేదు. మరెలా నెగ్గుకొస్తున్నారు? సమయాన్ని ఎంచుకుని. ఎండెక్కేకొద్దీ లోయ గాలులు పెరుగుతాయి కాబట్టి విమానాలు ఎక్కువగా పొద్దున్నే నడుస్తాయి. గాలి బాగా లేకపోతే రోజుల తరబడి ఆగుతారు. ప్రయాణికులు విసుక్కుంటారు, టీ తాగుతారు, మళ్ళీ విసుక్కుంటారు. ఆ ఆగడమే అక్కడి అసలు భద్రత. అక్కడ ఇన్ని జాగ్రత్తలున్నా ప్రమాదాలు జరిగాయి. అయినా ఆ నియమాన్ని ఎవరూ వదల్లేదు.

ఇక ప్రశ్నలో మిగిలిన సగం. అన్నీ గాలి మీద తోసెయ్యొచ్చా? కుదరదు. గాలి మన చేతిలో లేదు గానీ, ఈ గాలిలో ఇప్పుడు దిగాలా అన్నది మన చేతిలోనే ఉంది. వందేళ్ళ అనుభవంలోంచి వచ్చిన పాఠం ఒకటే, దాన్ని గో-అరౌండ్ అంటారు. వరస కుదరలేదా, వేగం కుదరలేదా, చక్రం నేల తాకబోతుండగా గాలి పక్కకి నెట్టిందా, పూర్తి శక్తి ఇచ్చి మళ్ళీ పైకి పో. ఇంకో చుట్టు తిరుగు. కుదరకపోతే వేరే ఊళ్ళో దిగు. 1975లో కెనడీ నుంచి నెవార్క్ వెళ్ళిన ఆ విమానం చేసింది అదే. అందులో ఉన్నవాళ్ళకి ఆ సాయంత్రం ఆలస్యమైంది, అంతే. వాళ్ళ పేర్లు చరిత్రలో లేవు, అందరూ ఇంటికి చేరారు కాబట్టి.

మన తెలుగు ఇళ్ళ నుంచి కూడా ఇప్పుడు పిల్లలు పైలట్ శిక్షణకి వెళ్తున్నారు. ఇక్కడా, విదేశాల్లోనూ. గంటకి ఇంత అని ఫీజు కడుతున్నప్పుడు, ఇంకో చుట్టు తిరగడం, గాలి బాగోలేదని ఆ రోజు ఎగరకపోవడం డబ్బు దండగలా అనిపించొచ్చు. ఇంట్లో వాళ్ళు ఫోన్ చేసి "ఈ వారం ఎన్ని గంటలయ్యాయి?" అని అడుగుతారు. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడగండి. "ఈ వారం గాలి బాగోలేదని ఎన్నిసార్లు ఆగావు?" అని. ఆగానని చెప్తే కోప్పడకండి. మెచ్చుకోండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మీలో చిన్న విమానం నడిపినవాళ్ళు, శిక్షణలో ఉన్నవాళ్ళు ఉంటే మీ మొదటి అడ్డగాలి పాఠం ఎలా జరిగిందో రాయండి. మిగతావాళ్ళకి పనికొస్తుంది.